ఆ సూదిమందు సంగతి ఎవరూ చెప్పలేదు

1985. మెదక్ జిల్లా పటాన్‌చెరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రం. చుట్టుపక్కల పల్లెల నుంచి ఆడవాళ్లు వచ్చారు. కొందరి చంకల్లో చంటిపిల్లలు ఉండి ఉంటారు. కొందరి వెంట అత్తలో ఆడబిడ్డలో తోడొచ్చి ఉంటారు. ఆ పూట కూలి మానుకుని వచ్చినవాళ్లూ ఉండే ఉంటారు. వాళ్లకు తెలిసింది ఒక్కటే: రెండు నెలలకోసారి సూది వేయించుకుంటే కడుపు రాదు. ఆపరేషన్ పని లేదు, లూప్ పని లేదు, రోజూ గుర్తుపెట్టుకుని మాత్ర మింగే బాధ లేదు. వరసకాన్పులతో నడుం విరిగిన మనిషికి ఇంతకన్నా ఏం కావాలి?

వాళ్లకు తెలియనిది ఏమిటంటే, అక్కడ జరుగుతున్నది పరీక్ష. భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్, ఆ సూదిమందును నాలుగో దశ ప్రయోగం కింద మామూలు ఆరోగ్య కేంద్రాల ద్వారా వేయించి చూస్తోంది. వేయించుకునే మనిషి ఆ ప్రయోగంలో భాగమన్న మాట మాత్రం ఆమె చెవిన పడలేదు.

ఈ సంగతి తెలిసి హైదరాబాద్ నుంచి స్త్రీశక్తి సంఘటన సభ్యులు అక్కడికి వెళ్లారు. 1978లో పుట్టిన సంఘం అది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆడవాళ్ల జ్ఞాపకాలను వాళ్ల నోటనే విని, ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చువేసింది వీళ్లే. పటాన్‌చెరులోనూ అదే పని చేశారు: ఆడవాళ్లతో కూర్చుని మాట్లాడారు. ఈ మందు పేరు నెట్-ఎన్. నెలసరి గతి తప్పవచ్చు, అసలు రాకుండానే పోవచ్చు, రోజుల తరబడి మరకలు కనిపించవచ్చు, సూది మానేశాక కడుపు పండటానికి ఆలస్యం కావచ్చు. ఇవన్నీ విన్నాక చాలామంది మాకొద్దని వెనక్కి తగ్గారు. వాళ్లు చదువుకోలేదు, చెప్పినా అర్థం కాదు అనుకున్నవాళ్లకు ఆ ఆవరణలోనే జవాబు దొరికింది.

ఇంతకీ ఆ సీసాలో ఉన్నదేమిటి?

నోరెథిస్టెరోన్ ఎనాంథేట్, 200 మిల్లీగ్రాములు, నూనెలో కలిపింది. కండలోకి ఎక్కించాక నూనె అక్కడే నిలిచి, మందును కొద్దికొద్దిగా రక్తంలోకి వదులుతుంది. నోరెథిస్టెరోన్ మనకు కొత్తదేమీ కాదు. పెళ్లికో, పండక్కో, తిరుమల ప్రయాణానికో నెలసరి అడ్డొస్తుందని మందుల షాపులో అడిగి తెచ్చుకునే మాత్రలో ఉండేది అదే. (ఆ మాత్ర నెలసరిని వెనక్కి నెడుతుందే తప్ప, అలా నాలుగు రోజులు వేసుకుంటే గర్భం రాదనుకోవడం పొరపాటు. ఈ పొరపాటు మన ఇళ్లలో చాలా మామూలు.) 1951లో మెక్సికో నగరంలోని సింటెక్స్ కంపెనీ ప్రయోగశాలలో కార్ల్ జెరాసీ, జార్జ్ రోజెన్‌క్రాంజ్, లూయీ మీరామోంటెస్ ఈ రసాయనాన్ని తొలిసారి తయారుచేశారు. సింటెక్స్‌కు అప్పట్లో ముడిసరుకు అక్కడి అడవి దుంపలు.

శరీరంలో దాని పని ఇలా సాగుతుంది. ప్రతి నెలా మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి రక్తంలోకి ఒక హార్మోన్‌ను ఒక్కసారిగా విడుదల చేస్తుంది. ఆ కబురు అందాకే అండాశయం నుంచి అండం బయటికొస్తుంది. గర్భం నిలిచినప్పుడు ప్రొజెస్టిరాన్ ఎక్కువగా ఉంటుంది కాబట్టి మెదడు ఆ కబురు పంపడం మానేస్తుంది. బయటి నుంచి ప్రొజెస్టిరాన్ లాంటి మందు ఇచ్చినా అంతే. గర్భాశయ ముఖద్వారం దగ్గరి జిగురు చిక్కబడి వీర్యకణాలకు దారివ్వదు. లోపలి పొర పలచబడుతుంది. మాత్రకైనా సూదికైనా మూలసూత్రం ఇదే.

తేడా వచ్చేది ఆపేటప్పుడు. మాత్ర పడకపోతే రేపటి నుంచి మానేయవచ్చు, నాలుగు రోజుల్లో ఒంట్లోంచి పోతుంది. సూదిమందు ఒకసారి కండలోకి వెళ్లాక వెనక్కి తీయడం ఎవరి తరమూ కాదు. అందుకే మాత్ర ఇచ్చేటప్పటికన్నా సూది వేసేటప్పుడు ముందుగా చెప్పాల్సింది ఎక్కువ. పటాన్‌చెరులో ఆ ‘ముందుగా చెప్పడమే’ ఎగిరిపోయింది.

ఇది మన దగ్గరే జరిగిందా అంటే, కాదు. ప్రపంచంలోని మొదటి గర్భనిరోధక మాత్ర ఎనోవిడ్‌ను 1956లో ప్యూర్టోరికో దీవిలోని రియో పియద్రాస్‌లో పేదల ఇళ్ల సముదాయంలో పరీక్షించారు. పిల్లలు పుట్టకుండా చేసే మాత్ర అని ఆ ఆడవాళ్లకు చెప్పారు, ప్రయోగమని చెప్పలేదు. అక్కడ ఆ పని చూసిన డాక్టర్ ఎడ్రిస్ రైస్-రే నూటికి పదిహేడు మందికి తలతిరుగుడు, వాంతులు, తలనొప్పి వంటి ఇబ్బందులు ఉన్నాయనీ, ఇన్ని ఇబ్బందులున్న మందు అందరికీ పనికిరాదనీ నివేదించారు. ఆమె మాట పక్కన పెట్టేశారు. 1960లో అమెరికా ఆ మాత్రను అనుమతించింది. అందులో ఉన్న ఈస్ట్రోజన్ రకం 150 మైక్రోగ్రాములు. ఇవాళ మన సర్కారు ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్‌లో ఈస్ట్రోజన్ 30 మైక్రోగ్రాములే. ఆ తగ్గుదల ఊరికే రాలేదు. కాళ్లలో, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డకట్టి కొందరు చనిపోయాక వచ్చింది. 1970 జనవరిలో వాషింగ్టన్‌లో సెనేటర్ గేలార్డ్ నెల్సన్ దీనిమీద విచారణ జరుపుతుంటే, మాత్ర మింగిన ఆడది ఒక్కతైనా సాక్షిగా లేదేమని ప్రేక్షకుల్లోంచి యువతులు లేచి నిలదీశారు. ఆ గొడవ ఫలితంగానే మాత్రల పెట్టెలో దుష్ఫలితాల కాగితం పెట్టడం మొదలైంది.

మన దగ్గర ఆ గొడవ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1986లో స్త్రీశక్తి సంఘటన, ఢిల్లీలోని సహేలి, మరికొందరు కలిసి కేంద్ర ప్రభుత్వం మీద, ఐసీఎంఆర్ మీద రిట్ వేశారు. తెలిసి ఒప్పుకోవడం అనేది ఉందా, ఈ మందు ఆరోగ్య కేంద్రాల్లో వేసి గాలికొదిలేయదగినదేనా అన్నవి ఆ కేసులో పెద్ద ప్రశ్నలు. కేసు పద్నాలుగేళ్లు నడిచింది. ఆ మధ్యలోనే, 1993లో, మూడు నెలల సూదిమందు డెపో-ప్రొవెరాకు దేశంలో అమ్మకానికి అనుమతి వచ్చింది. 1995లో మందుల సాంకేతిక సలహా మండలి దాన్ని కుటుంబ నియంత్రణ కార్యక్రమంలో చేర్చవద్దంది. 2000లో నెట్-ఎన్ కేసు ముగిసింది: సామూహిక కార్యక్రమంలోకి దాన్ని తీసుకురాబోమని, తగిన సలహా, తర్వాతి పరీక్షలు ఉన్నచోట మాత్రమే వాడతామని ప్రభుత్వం ఒప్పుకుంది. ఇక 2017లో ఆ డెపో మందే ‘అంతర’ పేరుతో ప్రభుత్వ ఆస్పత్రుల్లోకి వచ్చింది.

పటాన్‌చెరు కథ గుంటూరు, ప్రకాశం వైపు ఎందుకు చెప్పుకోవాలంటే, ఈ మిరప, పత్తి నేలల్లో ఆడవాళ్లకు మాత్ర గురించైనా సూది గురించైనా చెప్పినవాళ్లే తక్కువ. ఇక్కడ కుటుంబ నియంత్రణ అంటే ఆపరేషనే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కల్లో ఆంధ్రప్రదేశ్‌లోని వివాహిత స్త్రీలలో నూటికి దాదాపు డెబ్భై మంది ట్యూబెక్టమీ చేయించుకున్నవాళ్లే. మాత్రలు వాడేవాళ్లు నూటికి ఒకరు కూడా లేరు. మగవాళ్ల ఆపరేషన్ కూడా నూటికి ఒకటి లోపే. పదిహేడు, పద్దెనిమిదేళ్లకు పెళ్లి, వెంటవెంటనే ఇద్దరు పిల్లలు, పాతికేళ్లు నిండకుండానే ఆపరేషన్. ఇద్దరు పిల్లల మధ్య మూడేళ్లు ఎడం ఉండాలని పోస్టర్ల మీద రాస్తాం, ఆ ఎడం ఎలా పెట్టుకోవాలో ఇంటికెళ్లి చెప్పం. ఆ తర్వాత పదేళ్లకు తెల్లబట్ట అనో, నడుంనొప్పి అనో, రక్తస్రావం అనో గర్భసంచి తీయించేసుకోవడం. దేశంలో గర్భసంచి తీసేసిన స్త్రీలు అత్యధికంగా ఉన్న రాష్ట్రం ఆంధ్రప్రదేశేనని ఆ సర్వేలే చెబుతున్నాయి. హార్మోన్ మాత్రలతో అదుపులోకి వచ్చే అధిక రక్తస్రావానికి కూడా కత్తి పెట్టించుకున్నవాళ్లు వాళ్లలో ఎందరో అని తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

1994లో ఇద్దరికి మించి పిల్లలుంటే పంచాయతీ ఎన్నికల్లో నిలబడరాదన్న చట్టం వచ్చింది. 2024 నవంబరులో శాసనసభ దాన్ని ఎత్తేసింది. జననాలు తగ్గిపోయాయి, పిల్లల్ని కనండి అంటున్నారు ఇప్పుడు. కనొద్దన్నప్పుడూ కనమన్నప్పుడూ ఆమెను కూర్చోబెట్టి నీకేం కావాలమ్మా అని అడిగినవాళ్లు లేరు.

అడిగితే ఎలా ఉంటుందో ఒక సన్నివేశంగా చెబుతాను. ఇందులోని మనుషులు ఏ ఒక్కరో కారు. ఈ పల్లెల్లో కోతల కాలంలో ఎవరైనా కావచ్చు.

మిరపకాయ కోతలు జోరుగా సాగే ఫిబ్రవరి. మధ్యాహ్నం అన్నాల వేళ తుమ్మచెట్టు కింద కూలీలు సద్దిమూటలు విప్పారు. కాయల ఘాటుకు చేతులు మండుతుంటే ముద్ద కలపకుండా చెంచాతో తింటోంది ఒక ఇరవై మూడేళ్ల అమ్మాయి. ఇద్దరు పిల్లలు. చిన్నదానికి పది నెలలు. ఊరి ఆశా కార్యకర్త సంచీతో వచ్చి పక్కన కూర్చుంది.

“ఏందమ్మాయ్, మీ అత్త ఆపరేషన్‌కి రాయమంటంది. నువ్వేమంటావ్?”

“ఓ పనైపోద్ది అంటందక్కా. నాకే మనసొప్పట్లా. పెద్దోడికి ఒంట్లో బాగుండదు కదా...” మాట మింగేసింది.

“చేయించుకుంటే వద్దనను. కానీ ఒకసారి చేశాక వెనక్కి రాదు. ముందు మిగతావేంటో విను, ఆనక నీ ఇష్టం.” ఆశా సంచీలోంచి మాలా-ఎన్ అట్ట తీసింది. “తెల్లవి ఇరవై ఒకటి, రంగువి ఏడు. నెలసరి మొదలైన అయిదు రోజుల్లోపు మొదటి తెల్లమాత్ర. బాణం గుర్తు పట్టుకుని రోజుకొకటి. అట్ట అయిపోయిన మర్నాడే కొత్త అట్ట. మధ్యలో ఆపేది లేదు.”

“ఏడూ ఎందుకు వేరే రంగు?”

ఈ ప్రశ్నకు జవాబు తెలిస్తే మాత్ర సగం అర్థమైనట్టే. తెల్లవాటిలో హార్మోన్లున్నాయి: లెవోనార్‌జెస్ట్రెల్ 0.15 మిల్లీగ్రాములు, ఇథినైల్ ఈస్ట్రడయాల్ 0.03 మిల్లీగ్రాములు. రంగువి వట్టి ఐరన్ మాత్రలు. మన రాష్ట్రంలో సగం మందికి పైగా స్త్రీలకు రక్తహీనత ఉంది కాబట్టి అవి వృథా పోవు. ఆ వారం హార్మోన్ అందక లోపలి పొర రాలి, నెలసరిలా రక్తం కనిపిస్తుంది. అది అండం విడుదలై వచ్చిన అసలు నెలసరి కాదు. ప్రతి నెలా ‘వస్తోంది’ అన్న ధీమా కోసం అరవయ్యేళ్ల కిందట పెట్టిన ఏర్పాటు. అందుకే ఇప్పుడు విదేశాల్లో 24 హార్మోన్ మాత్రలు, 4 వట్టివి ఉన్న అట్టలు, 84 రోజులు ఏకబిగిన వేసుకుని ఏడు రోజులు ఆపే పద్ధతులు వచ్చాయి. ఆ ఏడు రోజుల విరామం వల్ల ఆరోగ్యానికి ప్రత్యేక లాభమేమీ లేదని బ్రిటన్ వైద్యుల మార్గదర్శకాలు 2019లో తేల్చాయి కూడా. నెలనెలా రక్తం కనిపించకపోతే లోపలే పేరుకుపోతుందన్న భయం మన ఇళ్లలో బలంగా ఉంది. మాత్రలు వేసుకునేటప్పుడు పొర మందంగా పెరగదు. పేరుకోవడానికి అక్కడ ఏమీ ఉండదు.

“మర్చిపోతేనో? తెల్లారి నాలుగింటికే ఆటో ఎక్కుతాం.”

“అందుకే పొద్దున వద్దు. రాత్రి అన్నం తిన్నాక వేసుకో. ఒకటి మర్చిపోతే గుర్తొచ్చినప్పుడే మింగెయ్, ఆ రోజుది ఆ వేళకి మళ్లీ వేసుకో. రెండు, ఆపైన పోతే ఒకటి వెంటనే వేసుకుని మిగతావి వరసగా కానియ్. కానీ ఏడు రోజులు నిరోధ్ లేకుండా కుదరదు. ఆ పోయినవి తెల్లవాటిలో చివరి వారానివైతే, తెల్లవి అయిపోగానే రంగువి పారేసి కొత్త అట్ట మొదలెట్టు. మింగిన రెండు గంటల్లోపు వాంతైతే ఇంకోటి.”

ఎందుకింత పట్టింపో చెప్పాలి. ఏడు రోజులు ఐరన్ మాత్రలతో ఉన్న అండాశయం అప్పటికే నిద్ర లేవబోతుంటుంది. కొత్త అట్ట ఆలస్యమైతే అండం విడుదలయ్యే ముప్పు అప్పుడే ఎక్కువ. అట్ట నడుమ ఒకటి మర్చిపోవడం కన్నా, అట్టకూ అట్టకూ మధ్య ఖాళీ రావడం ప్రమాదం. తప్పకుండా వేసుకుంటే ఏడాదిలో గర్భం వచ్చేది నూటికి ఒకరి లోపే. మామూలుగా మనుషులు వేసుకునే తీరులో, మరుపులూ ఊరెళ్లడాలూ కలుపుకుంటే, నూటికి ఏడుగురి దాకా.

పక్కనున్న పెద్దావిడ అందుకుంది. “వేడి చేస్తయ్యంటగా? మా తోడికోడలు నాలుగు రోజులేసి మానేసింది, కళ్లు తిరుగుతున్నయ్యని.”

“మొదటి రెండు మూడు నెలలు వికారం, కళ్లు తిరగడం, మధ్యలో మరకలు ఉండొచ్చు పిన్నీ. ముందే చెబితే భయపడేది కాదామె.”

తోడికోడలు మానేయడం ఆమె తప్పు కాదు. అట్ట చేతికిచ్చి పంపినవాళ్లు ఆ నాలుగు ముక్కలు చెప్పి ఉండాల్సింది.

చంటిబిడ్డ ఆరు నెలల లోపైతే ఈ మాత్ర ఇవ్వకూడదు, ఈస్ట్రోజన్ పాలను తగ్గిస్తుంది. అలాంటి తల్లికి ప్రొజెస్టిరాన్ ఒక్కటే ఉన్న మాత్ర ఉంది. దానికి ఖాళీ వారం ఉండదు, వేళ తప్పకూడదు. పాత రకాల్లో మూడు గంటలు ఆలస్యమైనా లెక్క తప్పుతుంది, డెసోజెస్ట్రెల్ రకానికి పన్నెండు గంటల వెసులుబాటు ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థలో పుట్టిన సెంట్‌క్రోమాన్ మరొకటి, ఆస్పత్రుల్లో దాని పేరు ‘ఛాయ’. అది హార్మోన్ కాదు. మొదటి మూడు నెలలు వారానికి రెండు, ఆ తర్వాత వారానికి ఒకటి. నెలసరి కాస్త వెనక్కి జరుగుతుంది, కంగారు అక్కర్లేదు. పాలిచ్చే తల్లికీ పనికొస్తుంది. కలయిక జరిగిపోయాక 72 గంటల్లోపు వేసుకునే మాత్ర అవసరానికే, నెలనెలా దానిమీద ఆధారపడితే మోసపోతాం. టీబీకి రిఫాంపిసిన్ వాడుతుంటే, కొన్ని రకాల మూర్ఛ మందులు వాడుతుంటే గర్భనిరోధక మాత్రల బలం తగ్గిపోతుంది. డాక్టరుకు ఆ మాట విడిగా చెప్పాలి. సుఖరోగాల నుంచి, హెచ్ఐవీ నుంచి ఈ మాత్రలేవీ కాపాడవు. నిరోధ్ ఒక్కటే కాపాడేది.

“మరి అంతర సూది?”

“మూడు నెలలకోసారి. వేశాక ఆ చోట రుద్దకూడదు, కాపడం పెట్టకూడదు. రుద్దితే మందు తొందరగా కరిగిపోద్ది. నెలసరి ఇష్టమొచ్చినట్టు వస్తది, ఏడాదికి చాలామందికి ఆగిపోద్ది. ఒళ్లు కొంచెం రావచ్చు. మళ్లీ బిడ్డ కావాలంటే ఆఖరి సూది తర్వాత తొమ్మిది పది నెలలు పట్టొచ్చు. ఏళ్ల తరబడి వాడితే ఎముకల బలం కొంత తగ్గుతది, ఆపాక మళ్లీ పుంజుకుంటది. ఇవన్నీ ఒప్పుకుంటేనే.”

ముందే అన్నీ విన్న మనిషి నెలసరి ఆగినప్పుడు కడుపొచ్చిందని హడలిపోదు. అంతర పనికిమాలిన మందు అని నేను అనడం లేదు. మొగుడికి ఇష్టం లేకపోయినా తన ఒంటిని తాను కాపాడుకోవాలనుకునే ఆడదానికి అది గొప్ప ఆసరా. ఒక రోజు లక్ష్యం పూర్తిచేయడానికి వరసపెట్టి వేసుకుంటూ పోతే మాత్రం అది 1985 పటాన్‌చెరే.

“అన్నీ మాకేనా అక్కా? మగోళ్లకి మాత్ర లేదా?” అమ్మాయి నవ్వుతూ అడిగినా, అడిగింది సరైన మాటే.

చిత్రమేమిటంటే ఆ మాత్ర పుట్టబోయింది పత్తి గింజలోనే. శుద్ధి చేయని పత్తిగింజల నూనెతో వండుకు తిన్న చైనా పల్లెల్లో పిల్లలు పుట్టడం ఆగిపోయిందని గమనించి, అందులోని గాసిపాల్ అనే పదార్థాన్ని 1970ల్లో అక్కడ ఎనిమిది వేల మందికి పైగా మగవాళ్ల మీద పరీక్షించారు. వీర్యకణాలు బాగా పడిపోయాయి. కానీ కొందరికి రక్తంలో పొటాషియం తగ్గింది, కొందరికి మానేశాక కూడా కణాలు తిరిగి రాలేదు. దాంతో ఆపేశారు. ఆపడం న్యాయమే. కోత లేని వ్యాసెక్టమీ మన ప్రభుత్వ ఆస్పత్రుల్లోనే ఉంది, ఆడవాళ్ల ఆపరేషన్ కన్నా తేలిక, కడుపు కోయనక్కర్లేదు. దాని గురించి ఈ తుమ్మచెట్టు కింద మగవాళ్లను కూర్చోబెట్టి ఎవరూ చెప్పడం లేదు.

మేస్త్రీ కేకేశాడు. అమ్మాయి టిఫిన్ మూత బిగించి, మాలా-ఎన్ కావాలంది. వచ్చే నెల ముఠాతో పాటు వేరే ఊరికి కోతలకు పోతోంది, మూడు అట్టలు ఇవ్వమంది.

“ఇస్తా, కానీ సాయంత్రం సబ్‌సెంటర్‌కి రా. ఏఎన్ఎం బీపీ చూడాలి, చూడకుండా ఇయ్యను. తలపోటు ఎప్పుడైనా కళ్ల ముందు మెరుపులతో వస్తదా? మీ అమ్మోళ్ల వైపు ఎవరికైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా?”

“లేదక్కా.”

“ఒక కాలి పిక్కలో నొప్పి, వాపు వచ్చినా, గుండెల్లో పొడిచినట్టున్నా, ఉన్నట్టుండి ఊపిరాడకపోయినా, చూపు మసకేసినా, మాత్ర ఆపేసి అదే రోజు పెద్దాసుపత్రికి పో. నీ మొగుడొచ్చేదాకా ఆగమాక. ఏ ఊళ్లో ఉన్నా సరే, 108కి చెయ్యి, మాలా-ఎన్ వాడుతున్నానని వాళ్లకి చెప్పు.”